లోటస్‌కు నూరేళ్ళు

హైదరాబాదుకు సినిమా మద్రాసు నుంచి తరలివచ్చిందని చాలామంది నమ్మకం. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే, 1922లో, మన పట్నంలో లోటస్ ఫిల్మ్ కంపెనీ పుట్టింది. రీళ్ళు కడుక్కోవడానికి సొంత లాబొరేటరీ, ఆడించుకోవడానికి రెండు హాళ్ళు దానికి ఉండేవి. ఆ సంస్థకు నూరేళ్ళు నిండిన సందర్భంగా పాతబస్తీలో మూకీల పండుగ జరుపుకుంటున్నాం. సంచికకు నాలుగు మాటలు రాయమని కమిటీ వారు అడగడం నా భాగ్యం.

సంస్థాపకులు ధీరేంద్రనాథ్ గంగూలీ గారు. శాంతినికేతనంలో చిత్రకళ నేర్చుకుని, ఇక్కడి ఆర్ట్ స్కూలుకు హెడ్మాస్టరుగా వచ్చారు. రకరకాల వేషాలు తానే కట్టి, ఆ ఫొటోలతో పుస్తకం వేసిన మనిషి. 1921లో కలకత్తాలో ‘బిలాత్ ఫేరత్’తో పేరు తెచ్చుకుని మళ్ళీ మన ఊరికే వచ్చారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆదరణతో లోటస్ పెట్టారు. ‘ఇంద్రజిత్’, ‘లేడీ టీచర్’, ‘మ్యారేజ్ టానిక్’, ‘చింతామణి’, ‘యయాతి’... పురాణాలూ తీశారు, జనాన్ని నవ్వించే కథలూ తీశారు.

అంతలో పిడుగు పడింది. 1924లో బొంబాయిలో తయారైన ‘రజియా బేగం’ను గంగూలీ గారు ఇక్కడ ఆడించారు. ముస్లిం రాణి హిందువును ప్రేమించడం అందులోని కథ. ప్రభువుకు ఆగ్రహం కలిగింది. సంస్థానం విడిచి వెళ్ళమని ఉత్తర్వు అయింది. కష్టపడి కూర్చిన లాబొరేటరీ, పని నేర్చిన మనుషులు, నడుస్తున్న హాళ్ళు, అన్నీ వదిలి ఆయన కట్టుబట్టలతో అన్నట్టు కలకత్తా చేరారు. అక్కడ మళ్ళీ మొదటినుంచీ కూడగట్టుకుని 1929లో బ్రిటిష్ డొమినియన్ ఫిల్మ్స్ నెలకొల్పారు. తర్వాతి కాలంలో దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఆయనను వరించింది. ఆయన నిలదొక్కుకున్నారు. మన ఊరికి మాత్రం మళ్ళీ స్టూడియో రావడానికి దశాబ్దాలు పట్టింది.

ఆ తర్వాత టాకీలు వచ్చాయి, రాజ్యాలు మారాయి, లోటస్ మాట ఎత్తినవారు తక్కువ.

ఎత్తినవారిలో ఈ పండుగ జరుపుతున్న మన సంఘం పెద్దాయన ఒకరు. పాతబస్తీ హాళ్ళలో ఆపరేటరుగా జీవితం గడిపారు. రీలును అంచుల దగ్గరే పట్టుకుని, చిరిగిన కంతల కోసం వేలిగోరుతో తడుముతూ పోయేవారు. “బేటా, చెయ్యి తుడుచుకుని ముట్టుకో” అనేవారు. మూకీల మెషీను చేత్తో తిప్పేవారనీ, తెర మీద పరుగైనా నడకైనా ఆపరేటరు చేతి వాటమేననీ నాకు చెప్పింది ఆయనే. ఈ పండుగ ఆయన కన్న కల.

మన దేశంలో దాదాపు 1,300 మూకీలు తయారైతే, ముక్కలతో కలిపి కూడా మిగిలినవి ముప్పయి దాకానే. నైట్రేటు ఫిల్ము తేలిగ్గా అంటుకుంటుంది. అంటుకోకపోయినా జిగురై, చివరకు పొడి అవుతుంది. లోటస్ చిత్రాల్లో ఒక్కటీ మనం తెర మీద చూసుకునే స్థితిలో లేదు. అయినా ఆశ చావలేదు. చింతామణి కథతోనే మదన్ కంపెనీ 1919లో తీసిన ‘బిల్వమంగళ్’ పారిస్‌లో దొరికి, 2016లో పుణె ఫిల్మ్ ఆర్కైవ్‌కు చేరింది. 1928 నాటి ‘షిరాజ్’ బాగుపడి, అనౌష్కా శంకర్ సంగీతంతో 2017లో మన నగరానికే వచ్చింది. 2019లో అన్నపూర్ణ స్టూడియోస్‌లో ఫిల్ము పరిరక్షణ శిక్షణ జరిగింది.

ఒక్క బాధ చెప్పక తప్పదు. గంగూలీ గారి పేరుతో చిన్న శిలాఫలకం పెట్టమని మేమొక ఆఫీసులో అర్జీ ఇచ్చాం. ఫైలు కదల్లేదు. సినిమా నగరమని చెప్పుకునే చోట తొలి కంపెనీకి రాతి పలక కూడా బరువైంది.

పాఠకులకు ఒక విన్నపం: పాత ఇంటి అటక మీద తుప్పుపట్టిన రీళ్ళ రేకు డబ్బా కనబడితే పాత సామాన్ల వాడికి వేయకండి, ఎండలో పెట్టకండి, దీపం దగ్గరికి తీసుకుపోకండి. సంఘానికి కబురు చేయండి. పుణెకు చేర్చే పూచీ మాది.