కీళ్ళకు నూనె, కీళ్ళకు ఇసుక

కీళ్ళనొప్పికి నూనె పట్టించి మర్దన చేయడం మన దేశంలో బాగా పాత వైద్యం. చరక సంహిత సూత్రస్థానం దీన్ని బండి ఇరుసుకు పెట్టే కందెనతో పోల్చింది. నూనె పట్టిన కుండ, తోలు, ఇరుసు ఎలా గట్టిపడతాయో ఒళ్ళూ అలాగే నొప్పిని, శ్రమను ఓర్చుకుంటుందని ఆ పోలిక. దానికి పెట్టిన పేరు అభ్యంగం. పండగపూట తెలుగిళ్ళలో తలంటుకు ముందు ఒళ్ళంతా నూనె రాసుకోవడాన్ని ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు.

అయితే కీలు నొప్పి పుట్టిన ప్రతిచోటా నూనె గిన్నె అందుకోమని పాత వైద్యులు చెప్పలేదు. చరకం చెప్పిన సంధిగత వాతంలో వాపు తాకితే గాలి నింపిన తోలుతిత్తిలా ఉంటుంది, కీలు చాచినా ముడిచినా నొప్పే. ఇక్కడ నూనె, మర్దన, కాపడం పనికొస్తాయి. ఆమవాతం సంగతి వేరు. మాధవకరుడు తన నిదాన గ్రంథంలో దాన్ని విడి రోగంగా వర్ణించాడు: జ్వరం, అరుచి, ఒంటి బరువు, తేళ్ళు కుట్టినట్టు పోటు. అరగని ఆహారం నుంచి పుట్టిన ఆమం జిగటగా కీళ్ళలో చేరుతుందని వాళ్ళ లెక్క. జిడ్డు మీద జిడ్డు ఎందుకన్నదే వాళ్ళ అభ్యంతరం. అజీర్ణంతో ఉన్నవాడికి అభ్యంగం కూడదని వాగ్భటుడు అంతకుముందే హెచ్చరించాడు. 11వ శతాబ్దపు వంగదేశ వైద్యుడు చక్రపాణిదత్తుడు ఆమవాతానికి ముందుగా లంఘనం (పస్తు), ఇసుక మూటతో పొడి కాపడం చెప్పాడు.

ఆ మూట కట్టడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఇసుకను మూకుడులో వేయించి, మందపాటి గుడ్డలో మూటకట్టి, ముందు తన ముంజేతికి ఆనించి వేడి చూసుకుని, ఆపైన కీలు మీద పెడతారు. ఒక మూట చల్లారేలోపు రెండోది పొయ్యి మీద సిద్ధమవుతుంది. ఇళ్ళల్లో వేయించిన ఉప్పుతో పెట్టే కాపడం ఈ పద్ధతిదే. మోకాలికి ఆముదం రాసి వేడిచేసిన జిల్లేడాకు కట్టడం మాత్రం నూనె పక్షానికి చెందుతుంది.

ఎర్రబడి, వేడిగా ఉబ్బిన కీలును గట్టిగా నొక్కవద్దని నేటి వైద్యులూ అంటారు. కారణం వేరు, జాగ్రత్త ఒకటే. అరిగిన మోకాళ్ళకు మర్దన ఎంతవరకు పనికొస్తుందో అమెరికాలో పరీక్షించారు. 2006లో వెలువడిన పరిశీలనలో 68 మంది పాల్గొన్నారు. 8 వారాల మర్దనతో నొప్పి, బిగుతు తగ్గాయి. తర్వాత 222 మందితో చేసిన పెద్ద పరిశీలనలోనూ 8 వారాలకు మేలు కనబడింది. ఏడాది గడిచేసరికి మాత్రం మర్దన చేయించుకున్నవారికీ, మిగతావారికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా మిగలలేదు.