వేగవంతమైన వైడ్ యాంగిల్ కటకం

విశాలమైన దృశ్యాన్ని చూపుతూ, ఎక్కువ కాంతిని లోనికి అనుమతించే కెమెరా కటకాన్ని వేగవంతమైన వైడ్ యాంగిల్ కటకం అంటారు. 35 మి.మీ. ఫిల్ము కెమెరాలలో 35 మి.మీ. లేదా అంతకన్నా తక్కువ నాభ్యంతరము, ఎఫ్/2 లేదా అంతకన్నా పెద్ద ద్వారము గల కటకాలు సాధారణంగా ఈ కోవకు చెందుతాయి. 2015లో సిగ్మా సంస్థ 20 మి.మీ. ఎఫ్/1.4 కటకాన్ని విడుదల చేసింది.

== సృజనాత్మక ఉపయోగాలు ==

* ఎఫ్/2.8తో పోలిస్తే ఎఫ్/1.4 వద్ద నాలుగు రెట్ల కాంతి లభిస్తుంది. అందువలన దీపపు వెలుగులోనూ ఫ్లాష్ లేకుండా చిత్రించవచ్చు.
* ద్వారాన్ని పూర్తిగా తెరచి వస్తువుకు బాగా దగ్గరగా వెళితే నేపథ్యం మసకబారుతుంది. అయినా, టెలిఫోటో చిత్రాలలో వలె కాక, పరిసరాలు గుర్తుపట్టేలా ఉంటాయి.

== పరిమితులు ==

ద్వారం పూర్తిగా తెరచినప్పుడు చిత్రపు మూలలు చీకటిగా మారతాయి. అక్కడి నక్షత్రాలకు తోకలు వచ్చినట్లు కనిపించవచ్చు. ద్వారాన్ని కొంత మూస్తే ఈ లోపాలు తగ్గుతాయి. అంచులలోని ముఖాలు సాగినట్లు కనిపించుట మాత్రం ద్వారాన్ని మూసినా తగ్గదు.