కెర్నెల్ ఇంటర్‌ఫేసుల విరమణ

కెర్నెల్ ఇంటర్‌ఫేసుల విరమణ అనగా ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలభాగమైన కెర్నెల్‌లో కాలం చెల్లిన అనుసంధాన మార్గాలను గుర్తించి, వాటి స్థానంలో కొత్తవాటిని ప్రవేశపెట్టి, పాతవాటిని క్రమంగా తొలగించే ప్రక్రియ. పాత మార్గాన్ని తొలగిస్తే దానిపై ఆధారపడిన ప్రోగ్రాములు ఆగిపోతాయి. తొలగించకపోతే, ఎవరూ వాడని, ఎవరూ పరీక్షించని కోడ్ కెర్నెల్‌లో మిగిలిపోయి భద్రతా లోపాలకు తావిస్తుంది. ఈ రెండు నష్టాలలో దేనిని అంగీకరించాలన్నదే ఈ ప్రక్రియలోని ప్రధాన సమస్య. లినక్స్ కెర్నెల్ అభివృద్ధి బహిరంగంగా జరుగుతుంది కనుక దీనికి ఉదాహరణలు అందులో ఎక్కువగా కనిపిస్తాయి.

రెండు రకాల ఇంటర్‌ఫేసులు

1991లో లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ కెర్నెల్‌లో ఇంటర్‌ఫేసులు రెండు విధములు.

అంతర్గత ఇంటర్‌ఫేసులు: కెర్నెల్‌లోని ఒక భాగం మరొక భాగంతో, ఉదాహరణకు డ్రైవర్లతో, సంభాషించే మార్గాలు. వీటికి స్థిరత్వ హామీ లేదు. ఒక అంతర్గత ఫంక్షన్‌ను మార్చినవారే కెర్నెల్‌లో దానిని వాడుతున్న చోట్లన్నింటినీ సరిచేయవలెను. కెర్నెల్‌కు వెలుపల విడిగా ఉంచిన డ్రైవర్లు మాత్రం ఇటువంటి మార్పుల వలన పనిచేయకుండా పోవచ్చు.

బాహ్య ఇంటర్‌ఫేసులు: వాడుకరి ప్రోగ్రాములు కెర్నెల్ సేవలను పొందే మార్గాలు. వీటిలో సిస్టమ్ కాల్స్ ముఖ్యమైనవి. కొత్త కెర్నెల్ రావడం వలన అంతవరకు సక్రమంగా నడిచిన ప్రోగ్రాము ఆగిపోరాదన్నది లినక్స్‌లో టోర్వాల్డ్స్ గట్టిగా అమలుచేసే నియమం. ఇంటి లోపలి గోడలు ఎన్నిసార్లు మార్చుకున్నా వీధి వాకిలి మాత్రం ఉన్నచోటనే ఉండాలన్నట్లు ఈ నియమం పనిచేస్తుంది.

జేఎన్‌టీయూ హైదరాబాదు 2018 నాటి పాఠ్యప్రణాళికలోని ఆపరేటింగ్ సిస్టమ్స్ ప్రయోగశాలలో ఓపెన్, రీడ్, రైట్, క్లోజ్ అనే సిస్టమ్ కాల్స్‌తో సీ భాషలో ప్రోగ్రాములు వ్రాయడం ఒక అభ్యాసం. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలోని అనుబంధ ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు చేసే ఈ అభ్యాసంలోని కాల్స్ యూనిక్స్ తొలినాళ్ళ నుండి వస్తున్నవి. కెర్నెల్ ఎన్నిసార్లు మారినా పాఠం మారనవసరం లేకపోవడానికి బాహ్య ఇంటర్‌ఫేసుల స్థిరత్వమే కారణం.

విరమణ విధానం

సాధారణంగా ముందుగా ప్రత్యామ్నాయం సిద్ధమవుతుంది. తరువాత పాత ఇంటర్‌ఫేసును "కాలం చెల్లినది"గా ప్రకటిస్తారు. దానిని వాడిన ప్రోగ్రాము పేరును కెర్నెల్ తన లాగ్‌లో హెచ్చరికగా నమోదు చేయవచ్చు. ఆ తరువాత కెర్నెల్‌ను నిర్మించేటప్పుడు పాత కోడ్‌ను చేర్చకుండా వదిలివేసే వీలు కల్పిస్తారు. ఎవరి నుండీ ఫిర్యాదు రానప్పుడు కోడ్‌ను పూర్తిగా తీసివేస్తారు. తొలగించిన సిస్టమ్ కాల్ సంఖ్యను సాధారణంగా మరొక పనికి కేటాయించరు. పాత ప్రోగ్రాము ఆ సంఖ్యతో పిలిస్తే, అటువంటి సేవ లేదని తెలిపే దోషసంకేతం తిరిగి వస్తుంది. లేనియెడల పాత ప్రోగ్రాము తనకు తెలియకుండానే వేరొక పనిని చేయించే ప్రమాదం కలదు.

తొలగించదలచిన అంశాలను గడువులతో సహా తెలిపే ఒక పట్టిక కెర్నెల్ పత్రాలలో ఉండేది. 2012లో టోర్వాల్డ్స్ ఆ పట్టికనే తొలగించారు. ప్రస్తుతం బాహ్య ఇంటర్‌ఫేసుల వివరాలను స్థిరమైనవి, పరీక్షలో ఉన్నవి, కాలం చెల్లినవి, తొలగించినవి అను నాలుగు విభాగాలుగా నమోదు చేస్తున్నారు.

ఉదాహరణలు

డెవ్‌ఎఫ్‌ఎస్: పరికరాల ఫైళ్ళను కెర్నెలే స్వయంగా సృష్టించే ఈ వ్యవస్థ 2001లో విడుదలైన 2.4 కెర్నెల్‌లో ఉండేది. ఆ పనిని కెర్నెల్ వెలుపల చేసే యూడెవ్ వచ్చిన తరువాత దీని అవసరం తీరిపోయింది. 2005 జూలైలో తొలగించాలని పైన చెప్పిన పట్టికలో పేర్కొనగా, కోడ్ పూర్తిగా తొలగినది 2006 సెప్టెంబరులో విడుదలైన 2.6.18తో.

సిస్‌సీటీఎల్ సిస్టమ్ కాల్: కెర్నెల్ అమరికలను చదవడానికి, మార్చడానికి ఉద్దేశించినది. ప్రోక్ ఫైల్ వ్యవస్థ ద్వారా ఇదే పని సులభంగా జరుగుతున్నందున దీని వాడుకను చాలాకాలం నిరుత్సాహపరిచారు. 2.6.24 నుండి దీనిని వాడితే లాగ్‌లో హెచ్చరిక వచ్చేది. చివరకు 2020 జనవరిలో విడుదలైన 5.5లో దీనిని తొలగించారు. ఇదే పేరుగల కమాండు మాత్రం ప్రోక్ ఫైళ్ళ ద్వారా యథావిధిగా పనిచేస్తుంది.

బీడీఫ్లష్: 2.6 నుండి ఏ పనీ చేయకుండా మిగిలిన ఈ సిస్టమ్ కాల్‌ను 2021లో వచ్చిన 5.15లో తొలగించారు.

ఇతర ఆపరేటింగ్ సిస్టమ్‌లలో

64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాములు నడవవు. 2021లో వచ్చిన విండోస్ 11కు 32 బిట్ సంచిక లేనందున, డాస్ కాలపు ప్రోగ్రాములను దానిలో నేరుగా నడపడం సాధ్యం కాదు, ఎమ్యులేటరు అవసరమవుతుంది. ఆపిల్ సంస్థ 2019 నాటి మ్యాక్ ఓఎస్ క్యాటలీనాలో 32 బిట్ ప్రోగ్రాములకు మద్దతు నిలిపివేసింది. ఓపెన్‌బీఎస్‌డీ మరింత కఠినమైన మార్గం అనుసరించి, 2014 నాటి 5.5 సంచికలో కాలాన్ని సూచించే సంఖ్యను అన్ని యంత్రాలపైనా 64 బిట్లకు మార్చింది. అందువలన పాత ప్రోగ్రాములను తిరిగి కంపైల్ చేయవలసి వచ్చింది.

2038 సమస్య

32 బిట్ల సంఖ్యతో కాలాన్ని లెక్కించే పాత సిస్టమ్ కాల్స్ 2038 జనవరి 19 తరువాతి సమయాన్ని చూపలేవు. లినక్స్‌లో 2019 నాటి 5.1 సంచికతో 32 బిట్ యంత్రాలకు 64 బిట్ల కాలాన్ని ఉపయోగించే కొత్త కాల్స్ చేర్చారు. అయినను పాత కాల్స్‌ను తొలగించలేదు. కావున కొత్త కెర్నెల్‌ను స్థాపించినంత మాత్రాన సమస్య తీరదు. పాత కాల్స్‌పై ఆధారపడిన ప్రోగ్రాములను కూడా గడువులోగా మార్చుకోవలసి ఉంటుంది.