సోమయాజులు, జె.వి. (1928–2004)

శ్రీకాకుళం జిల్లాలోని లుకలాంలో పుట్టిన రంగస్థల, సినీ నటుడు. రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరు. కె. విశ్వనాథ్ ‘శంకరాభరణం’ (1980) ఈయన్ను రాత్రికి రాత్రి నటుణ్ణి చేసిందనడం సరికాదు. తమ్ముడు రమణమూర్తి గిరీశంగా, తాను రామప్పపంతులుగా ‘కన్యాశుల్కం’ నాటకాన్ని అప్పటికే ఏళ్ల తరబడి ఆడారు. జిత్తులమారి పంతులుకీ, ‘శంకరాభరణం’లో ఈయన పోషించిన నిష్ఠాపరుడైన శంకరశాస్త్రికీ మధ్య ఉన్న దూరమే ఆ సాధనకు రుజువు. పాట గొంతు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానిది కదా, ఘనత ఈయనకెందుకని అడగవచ్చు. కానీ తాళం వేసే చెయ్యి, గమకానికి కదిలే మెడ, ఆలాపనకు ముందు బిగబట్టిన ఊపిరి ఆ గొంతు శాస్త్రిదేనని నమ్మించాయి (మన తెర మీద పెదవులు చాలాసార్లు పాట వెనకాలే పరుగెడతాయి). ఆ తరవాత పరిశ్రమ ఈయన్ను ఎక్కువగా పెద్దమనిషి, గురువు వేషాలకే వాడుకుంది. బాపు ‘త్యాగయ్య’ (1981)లో ప్రధాన పాత్ర కూడా ఆ గంభీరమైన కోవలోదే.