మడతచాకుకు లాక్ ఎప్పుడు పడింది?

కొత్త మడతచాకు పార్సిల్‌లో రాగానే ఎవరైనా మొదట చేసే పని దాన్ని తెరవడమే. తేలిగ్గానే తెరుచుకుంటుంది, టక్‌మని నిలబడుతుంది. మూయబోతేనే తంటా. బొటనవేలు ఎర్రబడుతుంది గానీ లోపలి లాక్ రేకు పక్కకి జరగదు. సరుకు బాగాలేదని తిప్పి పంపేసేవాళ్ళు కొందరు. శ్రావణం పట్టేవాళ్ళు ఇంకొందరు. మా కృష్ణా జిల్లా వాళ్ళమైతే ముందు వంటింట్లోకి వెళ్ళి కొబ్బరినూనె సీసా తెస్తాం. నిజానికి కొత్త లాక్ బిగువుగా ఉండటం జబ్బు కాదు. రెండున్నర వేల ఏళ్ళపాటు చాకులు చేసేవాళ్ళకి కుదరని పని చివరికి కుదిరిందనడానికి అదే గుర్తు.

మడత కత్తి అంత పాతది. ఆస్ట్రియాలో హాల్‌స్టాట్ అనే ఉప్పుగనుల ఊళ్ళో ఎముక పిడి ఉన్న మడత కత్తి ఒకటి దొరికింది. అది క్రీ.పూ. 600–500 మధ్యదని అంచనా. రోమన్లూ ఇలాంటివే వాడారు. వాటి నిర్మాణం చాలా మామూలుది: ఒక బ్లేడు, ఒక పిడి, రెండిటినీ కలిపే రివిట్. రివిట్ బిగువుగా ఉన్నంతకాలం కత్తి తెరిచినచోట నిలుస్తుంది. వదులైతే వేలి మీదికి ముడుచుకుంటుంది. స్ప్రింగూ లేదు, లాకూ లేదు.

ఈ పద్ధతి కత్తి మన ఊళ్ళలో ఈమధ్య దాకా అందరి కళ్ళముందూ ఉండేది, క్షురకుల పొదిలో. గెడ్డం గీసే ఆ మడత కత్తికి లాక్ లేదు. బ్లేడు వెనకాల పిడి దాటి బయటికొచ్చే చిన్న తోక ఒకటి ఉంటుంది. గీసేటప్పుడు చిటికెనవేలు దానిమీద ఆనుతుంది, బ్లేడు ఇటూ అటూ కదలకుండా పట్టేది ఆ వేలే. రివిట్ వదులైతే రాతిమీద పెట్టి చిన్న సుత్తితో నాలుగు దెబ్బలు వేసేవారు. మరీ గట్టిగా కొడితే కత్తి తెరుచుకోదు, మెల్లగా కొడితే నిలవదు. ఎంత కొట్టాలన్నది చేతికి తెలియాల్సిందే. చాకులో బిగువు సమస్య ఇవాళ కొత్తగా పుట్టిందేమీ కాదు.

దక్షిణాదిలో మడతకి ఇంకో కారణం కూడా ఉండేది. తాటాకు మీద రాసేవాడికి రెండు పనిముట్లు కావాలి. ఆకుని కొలతకి కోసి, ఈనె తీసి, అంచులు సరిచేయడానికి చాకు. అక్షరాలు గీయడానికి గంటం. రెండూ మొనదేలినవే, రెండూ రొంటిన దోపుకోవాల్సినవే. అందుకని రెండిటినీ ఒకే పిడికి బిగించి, ఆ పిడిలోకే మడిచేలా చేశారు. తమిళులు దీన్ని మడక్కెళుత్తాణి అంటారు. దక్షిణ భారతం నుంచి వెళ్ళిన ఇలాంటివి విదేశీ మ్యూజియాల అద్దాల పెట్టెల్లో ఇప్పటికీ ఉన్నాయి. ఆకుకీ చెట్టుకీ కొరతలేని మన డెల్టాలో కరణాల లెక్కలు చాలాకాలం తాటాకు మీదే నడిచాయి. తర్వాత కాగితం వచ్చింది. కరణీకాలే 1984లో పోయాయి.

కాగితంతోపాటు కలం చెక్కే చాకు వచ్చింది. గోల్కొండ కచేరీల్లో మున్షీలు రెల్లు కలాన్ని చాకుతో చెక్కి పాళీ తీర్చుకునేవారు. ఇంగ్లీషువాళ్ళు 1611లో బందరులో దిగినప్పుడు వాళ్ళ రాత ఈకల కలంతో. ఈక తొందరగా అరిగిపోతుంది, మాటిమాటికీ మొన చెక్కాలి. రాసే ప్రతివాడి దగ్గరా చిన్న చాకు ఉండాల్సిందే. ఇంగ్లీషువాళ్ళు దాన్ని పెన్ నైఫ్ అన్నది అందుకే. ఆ 17వ శతాబ్దం రెండో సగంలోనే ఇంగ్లండులోని షెఫీల్డ్ కమ్మరులు పిడి వెన్ను వెంబడి పొడుగాటి ఉక్కు స్ప్రింగు బిగించడం మొదలుపెట్టారు. బ్లేడు మొదలు మీద ఆ స్ప్రింగు నొక్కి ఉంటుంది కాబట్టి తెరిచినా మూసినా బ్లేడు కుదురుగా ఉంటుంది. అయితే ఇది లాక్ కాదు. బ్లేడు వెన్నుమీద బలంగా నొక్కితే ముడుచుకుపోతుంది. ఈక చెక్కేటప్పుడు బరువంతా పదునువైపే పడుతుంది కనక అప్పటి గుమాస్తాలకి అంతకుమించి అక్కర్లేకపోయింది. ఇవాళ జేబులో వేసుకునే స్విస్ చాకుల్లో చిన్నవి ఇప్పటికీ ఈ స్ప్రింగు మీదే నడుస్తున్నాయి.

ఇక్కడ కాస్త ఆగాలి. ఎందుకంటే ఆ కలం చాకు కథలోకి మన దేశపు ఉక్కు కూడా వచ్చింది. 1790ల్లో బొంబాయిలో ఉన్న డాక్టర్ హెలెనస్ స్కాట్ ఇక్కడి మూస ఉక్కు ముద్దల్ని లండన్‌లో రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కి పంపాడు. అక్కడివాళ్ళు వూట్జ్ అని పిలిచిన ఉక్కు అది. దాన్ని పరీక్షించే పని జార్జ్ పియర్సన్‌కి అప్పగించారు. ఆయన పరిశోధన 1795లో సొసైటీ ముందుకొచ్చింది. అందులో ఒక ముచ్చట ఉంది. బ్యాంక్స్ కోరిక మీద స్టోడార్ట్ అనే లండన్ కత్తుల పనివాడు ఆ ముద్దనుంచి ఒక కలం చాకు సాగగొట్టాడు. ఎర్రదనం చీకట్లో మాత్రమే కంటికి ఆనేంత సన్నటి కాకలో కొట్టాల్సి వచ్చింది. అంతకంటే వేడెక్కిస్తే ఈ ఉక్కు సుత్తి కింద పగిలిపోతుంది మరి. చెమటోడ్చి సాధించాక, తమ దేశపు ఉక్కుకంటే చాలా పనులకి ఇదే మేలని తేల్చాడు. తర్వాత ఆయన తన దుకాణం ప్రకటన చీటీ మీద వూట్జ్ పేరే వేయించుకున్నాడు. కుర్రవాడైన మైకేల్ ఫారడేతో కలిసి 1818 నుంచి కొన్నేళ్ళు ఉక్కు మిశ్రమాల మీద ప్రయోగాలు చేసిన స్టోడార్ట్ ఈయనే.

స్కాట్ పంపిన ముద్దలు ఏ ఊరి కొలిమివో చెప్పడం కష్టం. తెలుగు దేశంలో ఆ ఉక్కుకి పేరుమోసిన ఊరు మాత్రం నిజామాబాద్ దగ్గరి కోనసముద్రం. హెన్రీ వాయిసీ అనే సర్వే వైద్యుడు ఆ ఊరి కొలుముల గురించి రాసింది 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. పర్షియా వ్యాపారులు స్వయంగా వచ్చి, దగ్గరుండి చూసి ఉక్కు కొనుక్కుపోయేవారని ఆయన రాశాడు. గోల్కొండ రాజుల కాలంలో ఉక్కు కోరమండల్ రేవుల మీదుగా ఓడలెక్కేది, ఆ రాజ్యానికి పెద్ద రేవు మన బందరు. ఇప్పుడు విజయవాడ కుర్రాడు ఆన్‌లైన్‌లో తెప్పించుకునే చాకు చాలావరకు చైనాలోని యాంగ్జియాంగ్‌లో తయారై వస్తోంది. ఒకప్పుడు పర్షియా వాణ్ణి గుమ్మంలో నిలబెట్టి ఉక్కు అమ్మిన దేశం ఇప్పుడు పార్సిల్ ఎక్కడిదాకా వచ్చిందో ఫోన్‌లో చూసుకుంటోంది. దీనికి బాధపడాలో నవ్వాలో నాకు తేలలేదు.

1820ల తర్వాత బర్మింగ్‌హామ్‌లో ఉక్కు పాళీలు వేల సంఖ్యలో తయారవడంతో ఈక కలం మూలబడింది. చాకు పెన్సిలు చెక్కడానికీ పండు కోయడానికీ తాడు తెంపడానికీ మళ్ళింది. పని మొరటుదయ్యేకొద్దీ చెయ్యి తెగే ప్రమాదమూ పెరిగింది. అప్పుడే లాక్ గట్టిగా అవసరపడింది.

లాక్ అంతకుముందు అసలు లేదని కాదు. స్పెయిన్‌లో నవాహా అనే పొడుగాటి మడత కత్తులకి పళ్ళచక్రంలాంటి కట్టు ఉండేది, తెరుస్తుంటే కరకరమని చప్పుడు. మన దేశంలో ఆ చప్పుడుకి పేరుమోసింది ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్. రాంపురి చాకుని అందరికీ చూపించింది మాత్రం సినిమా. 1965లో వచ్చిన ‘వక్త్’ హిందీ చిత్రంలో రాజ్‌కుమార్ చాకు పట్టుకుని చెప్పిన డైలాగు ఇప్పటికీ జనం నోళ్ళలో ఉంది. తెలుగు సినిమా విలన్లకి బటన్ చాకు యూనిఫాం అయిపోయింది. ఒకప్పుడు సినిమా రీళ్ళ డబ్బాలు దిగిన గాంధీనగర్ ఉన్న మన బెజవాడలో ఆ ప్రభావం తక్కువేమీ కాదు. రాంపూర్‌లో 1990ల్లో ప్రభుత్వం పొడుగు బ్లేళ్ళ మీద ఆంక్ష పెట్టాక ఆ వృత్తి చితికిపోయింది. 2023లో అదే ఊరు కూడలిలో ఇరవై అడుగుల చాకు నిలబెట్టి ముచ్చట తీర్చుకుంది. నా మటుకు నాకు సినిమా చాకుకి చేసిన అన్యాయం పెద్దదే అనిపిస్తుంది. వంకాయ కోసే కత్తి ఎంత పొడుగున్నా ఎవరూ అడగరు, మూడంగుళాల మడతచాకు జేబులోంచి తీస్తే పక్కవాడు సర్దుకు కూర్చుంటాడు. చట్టం మాత్రం అంత కంగారు పడలేదు. 1959 ఆయుధాల చట్టం కింది నిబంధనల్లో ఆయుధాల లెక్కలోకి వచ్చే కత్తులకి కొలత ఉంది: బ్లేడు 9 అంగుళాలకి మించి పొడుగు గానీ, 2 అంగుళాలకి మించి వెడల్పు గానీ. అందులోనూ ఇంటిపనికి, వ్యవసాయానికి చేసినవాటికి మినహాయింపు ఉంది. విమానంలో చేతిసంచిలో మాత్రం ఏ చాకునీ పెట్టుకోనివ్వరు.

ఫ్రాన్సు కొండప్రాంతం సవోయ్‌లో జోసెఫ్ ఒపినెల్ 1890లో చేసిన రైతుచాకు కూడా మొదట్లో లాక్ లేనిదే. 1955లో మార్సెల్ ఒపినెల్ దాని మెడకి తిరిగే ఉక్కు ఉంగరం తొడిగాడు. బ్లేడు తెరిచి ఉంగరం తిప్పితే ముడుచుకోదు. ఇంతకంటే సరళమైన లాక్ నేను చూడలేదు. డెల్టాలో దీనితో ఒక చిక్కుంది. పిడి బీచ్ కర్ర. జులై, ఆగస్టుల్లో మన గాలిలోని తేమకి కర్ర ఉబ్బుతుంది, బ్లేడుని రెండువైపులా పట్టేసి గోటితో లాగినా రానివ్వదు. సవోయ్ రైతులకీ వానల్లో ఇదే గొడవ. వాళ్ళ చిట్కా ఏమిటంటే పిడి వెనక కొసని బల్లమీద టక్కున కొట్టడం. ఆ అదురుకి బ్లేడు మొన కాస్త పైకి లేస్తుంది, అక్కడ పట్టుకుని లాగుతారు. ఎండ వచ్చిన రోజు చాకుని ఆరనిచ్చి పిడికి అవిసెనూనె రెండు మూడుసార్లు పట్టిస్తే తర్వాతి వానాకాలం ఉబ్బు తగ్గుతుంది. ఉంగరమే కదలకపోతే దాని కింద ఇసుకో, మామిడి సొనో చేరిందని అర్థం.

ఇప్పుడు మన చేతికొస్తున్న కొత్త చాకుల్లో ఎక్కువభాగం వేరే జాతివి. పిడి లోపల ఒక పల్చటి ఉక్కు రేకు ఉంటుంది. బ్లేడు పూర్తిగా తెరుచుకోగానే ఆ రేకు పక్కనుంచి జరిగి బ్లేడు మొదలు వెనక నిలబడుతుంది. ఈ ఉపాయం మొదట్లో ఎలక్ట్రీషియన్ల చాకుల్లో వాడుకకి వచ్చింది. స్క్రూ తిప్పుతుంటే చాకులోని స్క్రూడ్రైవరు వేళ్ళమీదికి ముడుచుకోకూడదు గదా. అమెరికా సైన్యంలో తీగలపనివాళ్ళకి ఇచ్చిన టీఎల్-29 చాకులో స్క్రూడ్రైవరుకి ఇలాంటి రేకే లాక్. 1980ల మొదట్లో మైకేల్ వాకర్ అనే అమెరికన్ చాకుల పనివాడు దాన్ని సానబెట్టి, ఒంటిచేత్తో తెరిచి మూసేలా తయారుచేశాడు. ఇంకోరకం, పిడి వెన్నుమీద నొక్కితే వదిలేది, 1964లో కాలిఫోర్నియాలో వచ్చిన బక్ 110తో జనంలోకి పాకింది. రెండో రకం నొక్కడానికి బలం ఎక్కువ కావాలి, అది దాని స్వభావం. మన దగ్గర ఇవి ఆటోనగర్‌లో వైరు తొక్క ఒలిచేవాళ్ళ దగ్గరా, కైకలూరు చెరువుల గట్లమీద మేత సంచుల కుట్లు కోసేవాళ్ళ దగ్గరా పనికొస్తున్నాయి. చెరువు గట్టుమీది మనిషికి ఒక చేతిలో సంచి, ఒక చేతిలో చాకు. ఒంటిచేత్తో మూయలేకపోతే దాన్ని కొన్న ప్రయోజనమే లేదు.

అందుకే బిగువు సంగతి తెలుసుకోవాలి. రేకు అంచు, బ్లేడు మొదలు కలిసేచోట నిట్టనిలువు గోడ ఉండదు. 7 నుంచి 8 డిగ్రీల వాలు ఉంటుంది, తలుపు కింద దోపిన చెక్కముక్క మాదిరి లోపలికి పోయేకొద్దీ బిగుస్తుంది. కాలక్రమంలో అరిగినా లాక్ వదులు కాకుండా ఉండటానికే ఈ ఏర్పాటు. కొత్తలో ఆ రెండు ముఖాలమీదా ఆకురాయి గీతలు పచ్చిగా ఉంటాయి, ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. దానికితోడు గిడ్డంగిలో తుప్పు పట్టకుండా పూసిన జిడ్డు.

ముందు చూడాల్సింది బిగువు ఎక్కడుందని. లాక్ వదిలాక కూడా బ్లేడు బరువుగా తిరుగుతుంటే తప్పు ఇరుసు స్క్రూది, దాన్ని కొద్దిగా, పావు చుట్టులో సగం కూడా కాకుండా వదులు చేస్తే చాలు. బ్లేడు తేలిగ్గా తిరిగి రేకు మాత్రమే మొండికేస్తుంటే స్క్రూ జోలికి పోవద్దు. కిరసనాయిలు తడిపిన గుడ్డతో జిడ్డు తుడిచి, ఇరుసు దగ్గర కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేయండి. కొబ్బరినూనె వద్దు. సంక్రాంతి చలికి గడ్డకడుతుంది, ఎండాకాలం బంకై దుమ్ము పట్టుకుంటుంది. తర్వాత టీవీ చూస్తూనో కబుర్లాడుతూనో తెరిచి మూస్తూ ఉండటమే మందు. వేలు మాత్రం బ్లేడు మూసుకునే దారిలో పెట్టకూడదు. ఓపిక లేక రేకుని వెనక్కి వంచేవాళ్ళూ, దాని అంచుని ఆకురాయితో రుద్దేవాళ్ళూ ఉన్నారు. లాక్ మెత్తబడుతుంది నిజమే, ఒకరోజు కొబ్బరిమట్ట కోస్తుండగా ముడుచుకుంటుంది కూడా. వన్‌టౌన్‌లో సైకిలు చక్రం తిప్పి సానపట్టేవాళ్ళకి చాకు ఇస్తే పదును పెట్టమనండి గాని లాక్ ముట్టుకోనివ్వకండి.

రెండు వారాలు వాడినా రేకు అతుక్కుంటుంటే ఒక మెత్తటి పెన్సిలు తెచ్చి, రేకు తాకే బ్లేడు మొదలుమీద నల్లగా రుద్దండి. గ్రాఫైటు పొడి నూనెలా దుమ్ము పట్టదు, రెండు లోహాల మధ్య పల్చగా పరుచుకుని కరుపు విడదీస్తుంది. నెలకోసారి రుద్దితే సరిపోతుంది. అప్పటికీ రెండు బొటనవేళ్ళూ పెడితే గాని కదలకపోతే అప్పుడది నిజంగానే తయారీ లోపం, గడువు దాటకముందే తిప్పి పంపేయండి.