‘లేకపోతే ఏమయ్యేది’ అన్న లెక్క

కార్బన్ క్రెడిట్ల మీద తెలుగులో వచ్చే వ్యాసాలు చాలావరకు ఒకే గుమ్మంలోంచి లోపలికి వెళ్తాయి: 1997, క్యోటో. పొగ ఎక్కువ వదిలే దేశం తక్కువ వదిలే దేశానికి డబ్బు కట్టి తన లెక్క సరిచేసుకుంటుంది. తర్వాత దళారులు దిగారు, ధరలు పడ్డాయి, ఇప్పుడు మళ్లీ పుంజుకుంటున్నాయి. ఈ వరసలో తప్పేమీ లేదు. కానీ చదివినవాడికి మోసగాళ్లను ఏరేస్తే పద్ధతి బాగుపడుతుందన్న నమ్మకం మిగులుతుంది. నాకు ఆ నమ్మకం లేదు. చిక్కు మోసంలో కన్నా నిజాయితీగా కట్టిన లెక్కలోనే ఎక్కువ ఉంది.

తెలిసిన భాగం త్వరగా చెప్పేస్తాను. క్యోటోకి ముందే, 1980ల చివర్లో, ఏఈఎస్ అనే అమెరికా విద్యుత్ కంపెనీ కనెక్టికట్‌లో కట్టే బొగ్గు కేంద్రానికి ప్రతిగా గ్వాటెమాలా రైతుల చేత చెట్లు నాటించే పథకానికి డబ్బిచ్చింది. క్యోటో ఒప్పందం 2005 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. దాని కింద పుట్టిన సీడీఎంలో (క్లీన్ డెవలప్‌మెంట్ మెకానిజం, వర్ధమాన దేశాల్లో చేసిన తగ్గింపుకి క్రెడిట్లిచ్చే ఏర్పాటు) మన దేశం చైనా తర్వాతి స్థానంలో నిలిచింది. ఆ తొలి ఏళ్లలో క్రెడిట్లు కుప్పలుగా పోగైంది ఏ పల్లెలోనూ కాదు, ఏసీలలో వాడే వాయువు తయారుచేసే కొద్దిపాటి ఫ్యాక్టరీల దగ్గర. అక్కడ వృథాగా పుట్టే హెచ్‌ఎఫ్‌సీ-23ని కాల్చేస్తే చాలు, టన్నుకి వేల క్రెడిట్లు. 2008లో 20 యూరోలు దాటిన క్రెడిట్ ధర 2012 చివరికి యూరో లోపలికి పడిపోయింది.

క్రెడిట్ అంటే ఒక తీసివేత లెక్క. ఈ పథకం లేకపోతే గాలిలోకి ఎంత పొగ పోయేదో ఆ అంకెలోంచి, నిజంగా పోయినదాన్ని తీసేస్తే మిగిలేదే సరుకు. రెండో అంకెని కొలవచ్చు. మొదటిది ఊహ. దీన్నే ఆ వ్యాపారంలో బేస్‌లైన్ అంటారు. జరగనిదాన్ని జరిగి ఉండేదని రాసి, దాని మీద పద్దు నడపడం మన ప్రాంతానికి కొత్త కాదు.

బాపట్ల నుంచి చీరాల వైపు వెళ్లే రైలుకి మధ్యలో స్టూవర్టుపురం అనే చిన్న స్టేషన్ తగులుతుంది. ఊరికి ఆ పేరు మద్రాసు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ వల్ల వచ్చింది. 1911 నేరస్థ జాతుల చట్టం నీడలో ఎరుకల కుటుంబాల కోసం సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపిన సెటిల్‌మెంటు అది. అంతకుముందు వీళ్లు గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా ఉప్పు లోతట్టుకి మోసుకుపోయి ధాన్యానికి మార్చేవాళ్లు, బుట్టలల్లేవాళ్లు. రైలు వచ్చింది. ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది. అటవీ చట్టాలతో వెదురుకీ మేతకీ అడ్డం పడింది. పరిశోధకురాలు మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన పుస్తకంలో ఈ వరసను ఓపికగా విప్పారు. సర్కారు మాత్రం పోయిన బతుకుతెరువును వదిలేసి దొంగతనం రక్తంలోనే ఉందని రాసుకుంది. సెటిల్‌మెంటు లేకపోతే వీళ్లు తప్పక దొంగిలించేవాళ్లన్న ఆ ఊహ మీదే హాజరు పట్టీ నడిచింది, సంస్కరణ నివేదికలూ నడిచాయి. దొంగతనం జరగకపోతే సెటిల్‌మెంటు గొప్ప, జరిగితే జాతి గుణం. ఏ సాక్ష్యమూ ఆ లెక్కను తప్పని తేల్చలేదు.

ఈ పోలికను సాగదీయకూడదని నాకు తెలుసు. ఒకటి మనుషుల్ని కట్టడి చేసింది, ఇంకొకటి వాయువుని తూకం వేస్తుంది. బేస్‌లైన్ రాసే ఉద్యోగి చేతిలో లాఠీ లేదు. అయినా ఒక పోలిక మిగులుతుంది: ఊహ ఎప్పుడూ రాసేవాడిదే, ఎవరి గురించి రాశారో వాళ్లది కాదు.

తెలుగువాళ్ల మధ్య కార్బన్ క్రెడిట్ల చరిత్రలో నన్ను బాగా ఆపేది 2002 నుంచి 2009 దాకా నడిచిన కాలం. దాన్ని పేదలకు అందిన తొలి ఫలంగా కొందరు రాస్తారు, పాశ్చాత్యుల పాపపరిహారంగా కొందరు కొట్టేస్తారు. రెండూ తొందరపాటు మాటలే.

అప్పటి ఆదిలాబాద్ జిల్లాలో పవర్‌గూడ అనే గోండుగూడెం ఉంది. అక్కడి పొదుపు సంఘాల ఆడవాళ్లు కానుగ మొక్కలు పెంచారు, గింజ పట్టించి నూనె తీయడం నేర్చారు. 2003లో ప్రపంచ బ్యాంకు వాళ్ల దగ్గర 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కి సరిపడా తగ్గింపును 645 డాలర్లకు కొంది. వాషింగ్టన్‌లో ఒక సమావేశానికి విమానాల్లో వచ్చినవాళ్ల పొగకి అది జమ. టన్నుకి నాలుగు డాలర్ల చిల్లర. ఆ సొమ్మును నేను చిన్నచూపు చూడను. కొండ మీది గూడెం ఆడవాళ్లకి నర్సరీ పెంచడానికి చేతికి డబ్బు రావడం చిన్న సంగతి కాదు. నా అభ్యంతరం లెక్క మీద. ఆ గూడెం తన బతుకులో ఏపాటి డీజిలు తగలేసింది? ఆ కానుగ నూనె ముందు ముందు డీజిలు స్థానంలో మండుతుందన్న ఊహకే ధర కట్టారు. విమానం మాత్రం అప్పటికే ఎగిరి దిగింది. కానుగ మొక్క కాపుకి రావడానికే నాలుగైదేళ్లు పడుతుంది.

బాగేపల్లి కథ ఇంకా బరువైనది. తాలూకా కర్ణాటకలో ఉన్నా ఇళ్లలో వినబడేది తెలుగే. అక్కడి కూలీ సంఘం 5,500 ఇళ్లకు గోబర్ గ్యాస్ పెట్టే పథకాన్ని 2005 డిసెంబర్‌లో సీడీఎంలో నమోదు చేయించింది. పొద్దున్నే తొట్టిలో పేడా నీళ్లూ కలిపి వదిలితే వంటింట్లో నీలం మంట వెలుగుతుంది. కట్టెల మోపు దిగింది, కళ్ల మంట తగ్గింది. ఇంతవరకు మెచ్చుకోవాల్సిందే. పేచీ కట్టె దగ్గర వస్తుంది. తిరిగి పెరగనంత మేర నరికిన కట్టె మానేస్తేనే క్రెడిట్. పొలం గట్టున రాలిన పుల్లలూ కంపా ఏరుకుని వండిన మనిషి వాటిని మానేస్తే పద్దులో సున్నా. అడవిని బోడి చేసిన ఊరిదే మంచి బేస్‌లైన్. అందుకే తర్వాతి కాలంలో మెరుగైన పొయ్యిలు పంచే పథకాలు, తిరిగి పెరగని కట్టె ఎంతన్న అంకెను పైకి లాగాయి. పొయ్యిల క్రెడిట్లు అసలుకన్నా సుమారు తొమ్మిది రెట్లు ఎక్కువ చూపించాయని 2024లో బర్కిలీ పరిశోధకులు తేల్చారు.

ఖమ్మంలో దారి వేరు. స్టూవర్టుపురం జనం కూలికి వెళ్లిన చీరాల ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీ ఇప్పుడు ఐటీసీలో ఒక విభాగం. ఆ ఐటీసీ ఖమ్మం జిల్లా బీడు భూముల్లో చెట్ల పెంపకాన్ని 2009లో సీడీఎం కింద నమోదు చేయించింది. జామాయిల్ వేసిన రైతుకి తెలుసు, నాలుగైదేళ్లకి గొడ్డలి పడాల్సిందే, కర్ర కాగితం మిల్లుకి పోవాల్సిందే. నరికే చెట్టులోని కార్బన్ శాశ్వతం కాదని ఒప్పుకుంటూ సీడీఎం అడవులకి గడువు తీరిపోయే తాత్కాలిక క్రెడిట్లు ఇచ్చింది. నిజాయితీగల నియమం. ఫలితం ఏమిటంటే ఐరోపా మార్కెట్ వాటిని కొననే లేదు.

నియమం సడలిస్తే క్రెడిట్ అబద్ధమవుతుంది, ఎందుకంటే దాన్ని చూపించి ఎవరో నిజమైన టన్ను వదులుతారు. నియమం బిగిస్తే, మొదటినుంచీ పొదుపుగా బతికినవాడికి ఏమీ రాదు. రెంటికీ మధ్య నడిచే దారి నాకు ఇంతవరకు కనబడలేదు.

ఇప్పుడు మా కృష్ణా డెల్టాకి వద్దాం. వరి మడిలో నిలిచిన నీళ్ల అడుగున మీథేన్ పుడుతుంది. చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ గొట్టం మడిలో పాతి, లోపల నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్లీ తడిపితే ఆ వాయువు తగ్గుతుంది. ఆరుతడి అంటాం. ఇందులో శాస్త్రం గట్టిదే. కానీ బేస్‌లైన్ ఏమిటి? ఎప్పుడూ నీళ్లు నిలిచిన మడి. అది కాలువ మొదట్లో ఉన్నవాడిది. రేపల్లె, నిజాంపట్నం వైపు చివరి భూముల రైతుకి వంతుల్లో నీళ్లందక మడి దానంతటదే ఎండుతుంది. నీళ్లు మడి నుంచి మడికి పారే చోట గొట్టం చూసుకుని తడి పెట్టడం అతని చేతిలో లేని పని. అతను చేస్తున్నదీ ఆరుతడే, ఎవరూ కొనని ఆరుతడి. ఊహ మీద నిలబడ్డ వరి క్రెడిట్ ఎంత పెళుసో చైనాలో తేలింది: 2024 ఆగస్టులో క్రెడిట్లు జారీచేసే వెరా సంస్థ అక్కడి 37 వరి పథకాలను తిరస్కరించింది.

మడ అడవుల దగ్గరా ఇదే. రొయ్యల చెరువుల కోసం మడ కొట్టేసిన చోట మళ్లీ నాటితే క్రెడిట్ పుడుతుంది. చేపల వేటకు పోతూనే మడని అలాగే ఉంచిన పల్లెకి, అది నరికివేతకు గురయ్యేదని ఎవరైనా రుజువు చేస్తేనే. కాపాడినవాడు ముప్పును నిరూపించుకోవాలి.

కేంద్రం 2023 జూన్‌లో కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకాన్ని నోటిఫై చేసింది. సిమెంటు, అల్యూమినియం, కాగితం వంటి పరిశ్రమలకు 2025లో లక్ష్యాలు పెట్టింది. ఫ్యాక్టరీ పొగని ఫ్యాక్టరీ దగ్గరే కొలిచే ఆ భాగం మీద నాకు కొంత ఆశ ఉంది, అక్కడ ఊహకి చోటు తక్కువ. పొలాల్నీ మడల్నీ క్రెడిట్ల పద్దులోకి తెచ్చే భాగం మీద లేదు. ఆరుతడి మంచిదైతే, మడ కావాలనుకుంటే, దానికి సర్కారు నేరుగా డబ్బివ్వాలి. ఇంకొకడి పొగకి అనుమతి పత్రంగా కాదు.

ఈలోగా క్రెడిట్ల కంపెనీ తరఫున కుర్రాళ్లు ఒప్పంద పత్రాలతో గట్టు మీదికి వస్తే, డెల్టా రైతులారా, సంతకానికి ముందు రెండు అడగండి. బేస్‌లైన్ రాసిన కాగితం తెలుగులో చూపించమనండి. మీరు ఈ పథకంలో చేరకపోతే మీ పొలంలో ఏం జరిగేదని అందులో రాశారో పైకి చదివించుకోండి.