విరేచన తైలం – విటమిన్ 'ఏ'

20వ శతాబ్ది ఆరంభంలో లండనులోని గైస్ ఆసుపత్రిలో సర్ విలియం ఆర్బత్‌నాట్ లేన్ అనే పేరుమోసిన శస్త్రవైద్యుడు ఉండేవాడు. పెద్దప్రేగులో మలం నిలిచిపోవడమే అనేక రోగాలకు మూలమని ఆయన నమ్మకం. మొదట కొందరు రోగులకు పెద్దప్రేగునే కోసి తీసివేశాడు. తరువాత ద్రవ పారఫిన్ తాగించడం మేలని దానికి ప్రచారం చేశాడు. పెట్రోలియం నుండి శుద్ధిచేసి తీసే ఈ ఖనిజ తైలానికి రంగు, రుచి, వాసన లేవు. ఇది జీర్ణం కాదు. మలాన్ని మెత్తబరచి, జారేటట్లు చేసి, దానితోపాటే బయటికి పోతుంది. జీర్ణం కాదు కనుక హాని ఉండదని చాలమంది భావించారు.

చిక్కంతా ఆ జీర్ణం కాకపోవడంలోనే ఉన్నది. కొవ్వులో కరిగే విటమిన్ 'ఏ' ఉనికిని అమెరికాలో మెకాలం, డేవిస్ 1913లో వెల్లడించారు. ఆకుకూరలలో, క్యారట్‌లో ఉండే కెరోటిన్ శరీరంలో విటమిన్ 'ఏ'గా మారుతుందని ఇంగ్లండులో థామస్ మూర్ 1930లో నిరూపించాడు. వంటనూనె, నెయ్యి జీర్ణమై ప్రేగుగోడను దాటేటప్పుడు తమలో కరిగిన కెరోటిన్‌ను కూడా వెంట తీసుకొనిపోతాయి. ఖనిజ తైలంలోనూ కెరోటిన్ కరుగుతుంది. కాని ఆ తైలం చాలవరకు ప్రేగుగోడను దాటదు. అందులో కరిగిన కెరోటిన్ కూడా మలంతో పోతుంది.

ఈ తైలం విటమిన్ 'ఏ'ను శరీరానికి దక్కనివ్వదని ఎలుకలపై ప్రయోగాలు చేసిన బరోస్, ఫార్ 1927లో ప్రకటించారు. మనుష్యులలో కూడా ఇది కెరోటిన్ శోషణను అడ్డగిస్తుందని కర్టిస్, బాల్మర్ 1939లో చూపారు.

1955లో డాక్యుసేట్ అనే మరొక మందు మలబద్ధకానికి వాడుకలోకి వచ్చింది. ఇది సబ్బువలె పనిచేసి మలంలోనికి నీరు చొరబడేటట్లు చేస్తుంది. అయితే దీనిని ఖనిజ తైలంతో కలిపి వాడరాదు. ఆ తైలం శరీరంలోనికి ఎక్కువగా చేరుతుంది.

మరి భయపడవలసినంత ప్రమాదమున్నదా? ఖనిజ తైలం వాడిన పిల్లలను పరీక్షించి 1987లో ప్రచురించిన పరిశోధనలో, వారి రక్తంలో కెరోటిన్ తగ్గినా విటమిన్ 'ఏ' తగ్గలేదని తేలింది. కొద్దిరోజుల వాడకం కంటె నెలల తరబడి వాడకమే ఆలోచించవలసిన విషయం. పాలు, గ్రుడ్లు కొనలేక తోటకూర, మునగాకులపైనే ఆధారపడే కుటుంబాలకు విటమిన్ 'ఏ' లభించేది కెరోటిన్ రూపంలోనే. అందుచేత ఈ తైలాన్ని భోజనంతోగాని, ఏ, డి, ఇ, కె విటమిన్ల మాత్రలతోగాని తీసుకోరాదు. పడుకొని తాగడమూ తగదు. తైలం ఊపిరితిత్తులలోనికి పోతే ఒక రకమైన న్యుమోనియా వస్తుంది. దీర్ఘకాలం వాడవలసివస్తే వైద్యుని సలహా తప్పనిసరి.